లెటర్‌మన్ షోకి రూపం పోసిన మెరిల్ మార్కో

న్యూయార్క్‌లో 'జస్ట్ బల్బ్స్' అని ఓ దుకాణం ఉండేది. పేరుకు తగ్గట్టే అందులో బల్బులు తప్ప ఇంకేమీ అమ్మరు. 1980ల మొదట్లో అమెరికా టీవీ హోస్ట్ డేవిడ్ లెటర్‌మన్ కెమెరా వెంటబెట్టుకుని ఆ దుకాణంలోకి వెళ్లారు. బల్బులు కాకుండా ఇంకేమున్నాయని, ఏమీ ఎరగని కొనుగోలుదారుడిలా అడిగారు. బోర్డు మీద రాసి ఉన్నదే జవాబు. మరి లాంప్ షేడ్ కావాలంటే? దానికి 'జస్ట్ షేడ్స్' అని వేరే దుకాణం ఉంది. ఆయన అక్కడికీ వెళ్లి అవే అమాయకపు ప్రశ్నలు మొదలుపెట్టారు. కొన్ని నిమిషాల ఆ సెగ్మెంట్‌లో విడిగా తీసి ఇంకొకరికి చెప్పుకోగల జోక్ ఒక్కటీ లేదు. అయినా అమెరికా టీవీ హాస్యం గురించి మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని తలుచుకుంటూనే ఉంటారు.

జోకే లేనప్పుడు రచయిత ఏం రాసినట్టు? లేట్ నైట్ కామెడీ రచయిత ఉద్యోగం ఏమిటో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఆ సెగ్మెంట్ వెనక ఉన్న మనిషి మెరిల్ మార్కో. 'లేట్ నైట్ విత్ డేవిడ్ లెటర్‌మన్' షోని లెటర్‌మన్‌తో కలిసి రూపొందించింది ఆవిడే, దానికి మొదటి హెడ్ రైటర్, అంటే రచయితల బృందానికి పెద్ద, కూడా ఆవిడే. బోర్డు మీద ఉన్న మాటను అక్షరాలా నమ్మి లోపలికి వెళ్తే ఏమవుతుంది అన్నది ఇక్కడి ఆలోచన. ఏ దుకాణానికి వెళ్లాలి, ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, తీసిన ఫుటేజ్‌లో ఏది ఉంచాలి, ఇవన్నీ ఆ ఆలోచనలో భాగమే. దీన్ని రచన అనాలా, ప్రొడక్షన్ అనాలా అంటే రెండూ అనాల్సిందే. ఈ రంగంలో రచయిత పని ఎక్కడ ముగిసి ప్రొడ్యూసర్ పని ఎక్కడ మొదలవుతుందో బయటివాళ్లకు ఓ పట్టాన అంతుపట్టకపోవడానికి కారణం ఇదే. పేరు ఎవరికి దక్కాలి, హక్కు ఎవరికి చెందాలి అన్న గొడవలన్నీ కూడా ఇక్కడి నుంచే పుడతాయి.

ముందు లేట్ నైట్ షో అనేది ఎలా నడుస్తుందో చూద్దాం. రాత్రి పదకొండున్నర దాటాక వచ్చే గంట కార్యక్రమం. స్టూడియోలో ప్రేక్షకులు, ఓ డెస్కు, ఓ బ్యాండు, ఇద్దరు ముగ్గురు అతిథులు. మొదట హోస్ట్ నిలబడి ఆ రోజు వార్తల మీద జోకులు చెబుతారు. దాన్ని మోనోలాగ్ అంటారు. తర్వాత డెస్కు దగ్గర కూర్చుని ఏదో ఒక ప్రత్యేకమైన ఐటమ్, ఆ పైన అతిథులతో కబుర్లు. పొద్దున వార్తలు చూసి జోకులు రాయడం, మధ్యాహ్నానికి వాటిని ఏరడం, రిహార్సల్‌లో సగం కొట్టేయడం, సాయంత్రం రికార్డు చేసి ఆ రాత్రే ప్రసారం చేయడం. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. లెటర్‌మన్ షో వారానికి 4 రాత్రులతో మొదలై 1987 నుంచి 5 రాత్రులకు పెరిగింది. ఏడాదికి 150 పైచిలుకు ఎపిసోడ్లు. నిన్నటి జోక్ ఈరోజుకు పనికిరాదు, చెప్పిన జోక్ మళ్లీ చెప్పడానికి లేదు.

మంచి జోకులు రాయగలిగితే చాలదు అనేది ఇక్కడే తెలుస్తుంది. ఎంత చురుకైనవాళ్లయినా ఆ వేగానికి కొన్నాళ్లకు ఖాళీ అయిపోతారు. షో నిలబడాలంటే పదే పదే వాడుకోగల చట్రాలు కావాలి. టాప్ టెన్ లిస్ట్ అందరికీ తెలిసిన ఉదాహరణ. 1985 సెప్టెంబర్ 18న మొదలైంది. ఇంగ్లిష్‌లో 'పీస్', అంటే బఠాణీలు, అన్న మాటతో దాదాపుగా ప్రాస కుదిరే పది పదాల జాబితా అది. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ పదో నంబర్ నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చే ఆ వరస దొరికాక, ఏ వార్త వచ్చినా, ఎవరు అతిథిగా వచ్చినా అందులో ఇమిడిపోతుంది. రచయితల బృందం మారినా నడుస్తుంది. 2015లో లెటర్‌మన్ రిటైరయ్యే దాకా అది నడిచింది.

ఇలాంటి చట్రాలను కనిపెట్టడంలో మార్కోది ప్రత్యేకమైన చెయ్యి. దానికి కారణం ఆమె హాస్య రంగంలోకి పక్కదారిన రావడమేనని నా నమ్మకం. ఆమె 1948లో న్యూయార్క్‌లో పుట్టారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివారు, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కొంతకాలం ఆర్ట్ పాఠాలు చెప్పారు. 1970ల చివర్లో టీవీ రచనలోకి వచ్చారు. కామెడీ స్టోర్ క్లబ్ చుట్టూ తిరిగే కుర్ర కమెడియన్లలో లెటర్‌మన్ ఒకరు, పరిచయం అక్కడే. జోక్ అంటే ముందు ఒక వాక్యం, వెనక ఒక విరుపు అని నేర్చుకున్నవాళ్ల మధ్యకు ఆవిడ ఒక చిత్రకారిణి చూపుతో వచ్చారు. ఎదురుగా కనిపించే వస్తువును, బోర్డును, మనిషిని ఉన్నచోటు నుంచి కొంచెం పక్కకు జరిపి చూపిస్తే చాలు, అందులోనే తమాషా ఉంటుందని ఆమె పనంతా చెబుతుంది.

ఆ చూపుకు మొదటి పరీక్ష రాత్రి షోలో జరగలేదు, పొద్దుటి షోలో జరిగింది. 1980 జూన్ 23న ఎన్‌బీసీ చానల్ 'ది డేవిడ్ లెటర్‌మన్ షో' పేరుతో ఉదయం పూట 90 నిమిషాల లైవ్ కార్యక్రమం మొదలుపెట్టింది. గేమ్ షోలు, సీరియళ్లు చూసే ప్రేక్షకుల సమయం అది. గేమ్ షోల నుంచి వచ్చిన అనుభవజ్ఞుడైన ప్రొడ్యూసర్ బాబ్ స్టీవార్ట్ సరిగ్గా ప్రారంభానికి ముందు తప్పుకోవడంతో, హెడ్ రైటర్‌గా ఉన్న మార్కో మీదే భారమంతా పడింది. మధ్యలో వార్తలు చదవడానికి ఎడ్విన్ న్యూమన్ అనే పేరున్న సీనియర్ పాత్రికేయుడు వచ్చేవారు. ఆయన అదే స్టూడియోలో, అదే ప్రేక్షకుల ముందు కూర్చుని గంభీరమైన వార్తలు చదువుతుంటే, అప్పటిదాకా కామెడీ చూస్తున్న జనానికి ఎలా స్పందించాలో తెలిసేది కాదు. షో 60 నిమిషాలకు తగ్గింది. అక్టోబర్ 24న ఆగిపోయింది. నాలుగు నెలలు మాత్రమే బతికిన ఆ షోకి రచన విభాగంలో డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది. రేటింగుల లెక్కలో అది ఫ్లాప్. కానీ ఆ నాలుగు నెలల్లో పుట్టిన ఒక ఐటమ్ వయసు ఇప్పుడు నలభై దాటింది.

అదే 'స్టుపిడ్ పెట్ ట్రిక్స్'. మామూలు జనం తమ పెంపుడు కుక్కలను, పిల్లులను, చిలకలను స్టూడియోకి తీసుకొస్తారు. ఒక్కో జంతువు ఒక్కో పనికిమాలిన విద్య చూపిస్తుంది. అంతే. దీన్ని కాస్త విడదీసి చూస్తే మార్కో ఆలోచన ఎంత పకడ్బందీగా ఉందో తెలుస్తుంది. ఇందులో రచయితలు రాయాల్సిన మాటలు దాదాపు లేవు. కావలసిన సరుకు దేశం నలుమూలల నుంచీ జనమే తీసుకొస్తారు, కనుక అది ఎప్పటికీ అయిపోదు. కుక్క విద్య చూపిస్తే జనం చప్పట్లు కొడతారు, చూపించకుండా స్టేజీ మీద పడుకుంటే ఇంకా ఎక్కువ నవ్వుతారు. కనుక ఓడిపోయే అవకాశమే లేదు. యజమాని టెన్షన్, జంతువు నిర్లక్ష్యం, పక్కన ఒలింపిక్ పోటీ నడిపిస్తున్నంత సీరియస్‌గా నిలబడ్డ హోస్ట్, ఈ ముగ్గురి మధ్యే నవ్వు పుడుతుంది. పైగా ఆ పేరులో తెలివితక్కువతనం విద్యకే అంటగట్టారు, జంతువుకు కాదు, యజమానికీ కాదు. వచ్చినవాళ్లను చిన్నబుచ్చకుండా నవ్వించడం తేలికైన పని కాదు. ఆ షోలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే.

పొద్దుటి షో పోయినా ఎన్‌బీసీ లెటర్‌మన్‌ను వదులుకోలేదు. అర్ధరాత్రి పన్నెండున్నరకు టామ్ స్నైడర్ నడిపే కార్యక్రమాన్ని తీసేసి ఆ చోటు ఇచ్చింది. 1982 ఫిబ్రవరి 1న 'లేట్ నైట్' మొదలైంది. మొదటి అతిథి హాస్యనటుడు బిల్ మర్రే. అయితే దానికి గంట ముందు వచ్చే 'టునైట్ షో'కి 1962 నుంచీ రారాజుగా ఉన్న జానీ కార్సన్ కంపెనీకే ఈ కొత్త షోలోనూ వాటా ఉంది. తమ షోని తలపించేది ఏదీ ఇక్కడ ఉండకూడదని షరతులు పెట్టారు. పొడవాటి మోనోలాగ్ వద్దు, నాలుగు మాటలు చెప్పి కూర్చోవాలి. సోఫాలో పక్కన కూర్చుని వంతపాడే అనౌన్సర్ వద్దు. బ్యాండులో నలుగురికి మించకూడదు, బాకాలు ఊదేవాళ్లు ఉండకూడదు. కార్సన్ దగ్గరకు ఎప్పుడూ వచ్చే పాతతరం స్టార్లను పిలవకూడదు.

ఈ షరతులు ఆ షోకి మేలే చేశాయి. మోనోలాగ్ లేకపోతే ఆ నిమిషాలు ఎలా నింపాలి? స్టూడియో బయటికి వెళ్లాలి. ప్రేక్షకులు రాసిన నిజమైన ఉత్తరాలు చదవాలి. ఊరూపేరూ లేనివాళ్లను స్టార్లను చేయాలి. ఓ విద్యార్థి తీసిన సినిమాలో నటించిన కాల్వర్ట్ డిఫారెస్ట్ అనే పెద్దాయనను రచయితలు పట్టుకొచ్చి, 'లారీ బడ్ మెల్మన్' అని పేరు పెట్టి మొదటి ఎపిసోడ్‌లో మొదటి ముఖంగా చూపించారు. కార్సన్ షోలో టీవీ అంటే నున్నగా, తళతళా మెరవాలి. ఇక్కడ టీవీ తయారీలో ఉండే తడబాటే వినోదమైంది. తర్వాత వచ్చిన కోనన్ ఓ'బ్రయన్, జిమ్మీ కిమ్మెల్ లాంటి హోస్టులు అందరూ ఈ బడిలో చదువుకున్నవాళ్లే. ఆ బడికి మొదటి పాఠ్యప్రణాళిక రాసినవారిలో మార్కో ముందుంటారు.

ఇప్పుడు హోదాల చిక్కుముడి విప్పుదాం. లేట్ నైట్ షోలో స్టాఫ్ రైటర్ జోకులు, ఐడియాలు రాస్తారు. హెడ్ రైటర్ వాటిని ఏరతారు, దిద్దుతారు, హోస్ట్ గొంతుకు సరిపోయేలా మలుస్తారు. హోస్ట్ కొట్టేసిన జోక్ గురించి రచయితలకు నచ్చజెప్పేదీ, రచయితలు అలిగిన సంగతి హోస్ట్‌కు చెప్పేదీ ఆ మనిషే. సెగ్మెంట్ ప్రొడ్యూసర్ అతిథితో ముందుగా ఫోన్లో మాట్లాడి, హోస్ట్ ఏ ప్రశ్న వేస్తే ఏ కథ బయటికొస్తుందో రాసిపెడతారు. బయట షూటింగులు చూసేది ఫీల్డ్ ప్రొడ్యూసర్. అందరి మీదా, బడ్జెట్ మీదా, చానల్‌తో తగువుల మీదా ఉండేది ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. కాగితం మీద ఇవి వేర్వేరు ఉద్యోగాలు. దుకాణాల దగ్గర తీసిన సెగ్మెంట్ల లాంటి వాటిలో ఇవన్నీ ఒకే మనిషి చేసే ఒకే పని. అలాంటి మనిషికి ఎండ్ టైటిల్స్‌లో ఒక్క మాట ఎంచుకుని వేయాల్సి వస్తే, మిగిలిన పనంతా కనిపించకుండా పోతుంది.

మార్కో హెడ్ రైటర్ కుర్చీలో ఎక్కువ కాలం లేరు. ఆమె, లెటర్‌మన్ అప్పట్లో జంటగా కలిసి బతికేవారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆఫీసులో షో, ఇంటికెళ్లాక కూడా అదే షో. అది ఎంత కష్టంగా ఉండేదో ఆమె తర్వాత బహిరంగంగానే మాట్లాడారు. హెడ్ రైటర్ బాధ్యత జిమ్ డౌనీకి, ఆ తర్వాత స్టీవ్ ఓ'డానెల్‌కు వెళ్లింది. ఆమె బయట తీసే సెగ్మెంట్ల మీద పనిచేస్తూ వచ్చి, 1980ల చివరికల్లా షోనీ, ఆ బంధాన్నీ వదిలి తన దారి చూసుకున్నారు. వ్యాసాలు, నవలలు రాశారు. 1984 నుంచి 1987 వరకు వరుసగా 4 ఏళ్లు ఆ షో రచయితల బృందానికి ఎమ్మీ వచ్చింది. ఆ బృందం అప్పటికే వేసి ఉన్న పునాది మీద నిలబడి పనిచేసిందని గుర్తుపెట్టుకోవాలి.

పునాది ఎవరి ఆస్తి? 1993లో ఈ ప్రశ్న నిజంగానే లాయర్ల దాకా వెళ్లింది. కార్సన్ రిటైరయ్యాక 'టునైట్ షో' జే లెనో అనే కమెడియన్‌కు దక్కింది. లెటర్‌మన్ ఎన్‌బీసీని వదిలి పోటీ చానల్ సీబీఎస్‌కు మారారు. ఆ షోలో పుట్టిన ఐటమ్స్ అన్నీ తమ మేధోసంపత్తి అని ఎన్‌బీసీ వాదించింది. దాంతో లారీ బడ్ మెల్మన్ తన పాత్ర పేరు వదిలేసి కాల్వర్ట్ డిఫారెస్ట్‌గా కొత్త షోలో కనిపించాల్సి వచ్చింది. ప్రేక్షకుల ఉత్తరాలు చదివే వ్యూయర్ మెయిల్ పేరు సీబీఎస్ మెయిల్‌బ్యాగ్‌గా, టాప్ టెన్ పేరు కాస్త మార్చి లేట్ షో టాప్ టెన్‌గా అయ్యాయి. స్టుపిడ్ పెట్ ట్రిక్స్ మాత్రం పేరు మారకుండా చానల్ దాటేసింది. అది పుట్టింది ఎన్‌బీసీ రాత్రి షోలో కాదు, నాలుగు నెలల్లో ఆగిపోయిన పొద్దుటి షోలో. దాని హక్కులు లెటర్‌మన్ వైపే ఉన్నాయి. 2024లో టీబీఎస్ చానల్ సారా సిల్వర్‌మన్ హోస్ట్‌గా అదే పేరుతో ఏకంగా ఒక పూర్తి షో మొదలుపెట్టింది. ఒక ఐడియా విలువ దాని హాస్యంతో కాక, అది ఏ తేదీన ఏ కాంట్రాక్టు కింద పుట్టిందన్న దానితో తేలడం ఈ రంగంలో మామూలు సంగతి. రచయితలకు ఇది చేదుగానే ఉంటుంది.

ఇంకో చేదు నిజం ఉంది. షోకి రూపం ఇచ్చింది ఒక మహిళ. కానీ ఆవిడ వెళ్లిపోయాక రైటర్స్ రూమ్‌లో మహిళలు దాదాపు కనిపించలేదు. ఆ షోలో కొన్ని నెలలు రాసి బయటికొచ్చిన నెల్ స్కోవెల్ 2009లో ఒక పత్రికా వ్యాసంలో దీన్ని సూటిగా చెప్పారు. లెటర్‌మన్, లెనో, కోనన్ మూడు షోల్లో రాస్తున్న మహిళలందరినీ కలిపినా, అమెరికా సుప్రీంకోర్టులో ఉన్న మహిళా న్యాయమూర్తుల సంఖ్యకు రారని లెక్క చెప్పారు. అప్పటికి ఆ కోర్టులో ఉన్న మహిళలు ఇద్దరే. మహిళలు దరఖాస్తు చేసుకోవడం లేదన్నది అప్పట్లో వినిపించిన సమాధానం. కొత్త రచయితల పేర్లు ఏజెంట్ల ద్వారా, ఇప్పటికే లోపలున్న స్నేహితుల ద్వారా వచ్చే చోట, ఒకే కాలేజీ, ఒకే క్లబ్బు, ఒకే రకం కుర్రాళ్లు వరస కట్టడంలో ఆశ్చర్యం లేదు. అందులో మార్పు రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

ఇక బతుకుతెరువు సంగతి. పేరున్న షోలో ఉద్యోగం అంటే స్థిరమైన కొలువు అనుకుంటాం. ఈ రచయితల కాంట్రాక్టులు సాధారణంగా 13 వారాలకు ఒకసారి తిరగరాస్తారు. మూడు నెలలు గడిస్తే ఇంకో మూడు నెలలు ఉంటామో లేదో తెలుస్తుంది. ఈ అభద్రతకు ఉన్న ఒకే రక్షణ రైటర్స్ గిల్డ్, అంటే వాళ్ల యూనియన్. యూనియన్ సమ్మె చేసినప్పుడు మొదటి రాత్రి నుంచే ఆగిపోయేవి ఈ షోలే. సినిమాకు, సీరియల్‌కు ముందుగా రాసిపెట్టిన స్క్రిప్టులు ఉంటాయి. ఇక్కడ రేపటి షోకి రేపే రాయాలి.

రచయితలు లేకపోతే ఏమవుతుందో 2007-08 సమ్మెలో జనం కళ్లారా చూశారు. లెటర్‌మన్ సొంత కంపెనీ గిల్డ్‌తో విడిగా ఒప్పందం చేసుకుని 2008 జనవరి 2న రచయితలతో సహా తిరిగొచ్చింది. కోనన్, లెనో రచయితలు లేకుండా వచ్చారు. లెనో తన మోనోలాగ్ తానే రాసుకుంటే గిల్డ్ అభ్యంతరం చెప్పింది. కోనన్ అయితే డెస్కు మీద తన పెళ్లి ఉంగరాన్ని బొంగరంలా తిప్పుతూ, అది ఎన్ని సెకన్లు తిరుగుతుందో లెక్కపెట్టి కాలం నింపారు. ఆయన స్వయంగా 'సాటర్డే నైట్ లైవ్', 'ది సింప్సన్స్' లాంటి చోట్ల రాసి వచ్చిన రచయిత. అంతటివాడికీ ఒంటరిగా గంట నింపడం ఎంత కష్టమో అది చూస్తే తెలుస్తుంది.

2023 సమ్మె 148 రోజులు నడిచింది. దానికి ముందు చర్చల్లో నిర్మాణ సంస్థలు కామెడీ షోల రచయితలకు రోజుకూలీ పద్ధతి ప్రతిపాదించాయని గిల్డ్ బయటపెట్టింది. మూడు నెలల హామీ కూడా లేకుండా, పిలిచిన రోజుకు డబ్బులు. ఇది వింటే ఒళ్లు మండుతుంది. స్టుపిడ్ పెట్ ట్రిక్స్ లాంటి చట్రం ఏ రోజు పుడుతుందో ఎవరు చెప్పగలరు? పనికిరాని ఐడియాలతో గడిచిన వారాల మధ్యలోనే అలాంటిది ఎప్పుడో ఒకటి తగులుతుంది. రోజు లెక్కన కొంటే ఆ వారాలు ఉండవు. ఆ సమ్మె కాలంలో కోల్‌బేర్, ఫాలన్, కిమ్మెల్, మేయర్స్, ఆలివర్ ఐదుగురూ కలిసి ఒక పాడ్‌కాస్ట్ చేసి, వచ్చిన డబ్బు తమ షోల సిబ్బందికి ఇచ్చారు. వాళ్లు పోటీలో ఉన్న హోస్టులు. అయినా రైటర్స్ రూమ్ విలువ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మార్కోకు 2020లో రైటర్స్ గిల్డ్ టీవీ రచనలో జీవితకాల కృషికి ఇచ్చే ప్యాడీ చయెఫ్‌స్కీ లారెల్ అవార్డు ఇచ్చింది. పొద్దుటి షో మొదలైన దాదాపు 40 ఏళ్లకు.

ఈ రంగంలో మనవాళ్ల అడుగులు కూడా ఉన్నాయి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగిన హరి కొండబోలు, ఎఫ్ఎక్స్ చానల్‌లో 2012లో మొదలైన 'టోటల్లీ బయస్డ్ విత్ డబ్ల్యు. కమావ్ బెల్' షోలో స్టాఫ్ రైటర్. క్రిస్ రాక్ దానికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. 'ది సింప్సన్స్' కార్టూన్‌లోని అపు అనే భారతీయ పాత్ర గురించి ఆ షోలో హరి చేసిన చిన్న సెగ్మెంటే, 2017లో ఆయన తీసిన డాక్యుమెంటరీకి బీజం. షో మాత్రం 2013లోనే ఆగిపోయింది.

ఇప్పుడు తలుపులు ఇంకా ఇరుకయ్యాయి. స్టీఫెన్ కోల్‌బేర్ నడిపే 'లేట్ షో' 2026 మేలో ముగుస్తుందని సీబీఎస్ 2025 జూలైలో ప్రకటించింది. ఆర్థిక కారణాలు అంది. అది 1993లో లెటర్‌మన్ కోసం మొదలుపెట్టిన షో. అయినా అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఎవరైనా ఈ ఉద్యోగం కోరుకుంటే, దారి ఇప్పటికీ 'ప్యాకెట్' నుంచే మొదలవుతుంది. అంటే నమూనా రచనల కట్ట. ఒకటి రెండు పేజీల మోనోలాగ్ జోకులు, కొన్ని డెస్క్ ఐటమ్స్, బయట తీయదగ్గ సెగ్మెంట్లకు ఒకటి రెండు ఐడియాలు, అన్నీ ఆ హోస్ట్ మాట్లాడే తీరులోనే ఉండాలి. మోనోలాగ్ జోకులు ప్యాకెట్ పంపే ప్రతివాళ్లూ రాస్తారు, ఒకరివి ఇంకొకరివాటిలాగే ఉంటాయి కూడా. నేనైతే డెస్క్ ఐటమ్స్ మీద ఎక్కువ రాత్రులు ఖర్చుపెట్టమంటాను. ఆ ఐటమ్‌ను రెండోసారి, పదోసారి కూడా చేయొచ్చా అన్న ప్రశ్నకు చదివే హెడ్ రైటర్‌కు అక్కడే జవాబు దొరుకుతుంది.